షీటు మీద తేదీ, సీసా మీద తెలుగు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో ఇంట్లో ఉంచుకోవాల్సిన మందుల మీద ఒక పేజీ వేశారు. బొమ్మలు బాగున్నాయి. మా వీధిలో ఒకరిద్దరు ఆ పేజీ చింపి మెడికల్ షాపుకి పట్టుకెళ్ళి, ‘ఇందులో ఉన్నవన్నీ ఇవ్వండి’ అని కొనుక్కొచ్చారు కూడా. పేపర్లో పడిన మాటకి మన ఊళ్ళల్లో ఇప్పటికీ అంత విలువ ఉంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మందులు కొనడం ఎంతసేపు? డబ్బులుంటే పది నిమిషాల పని. ఆ డబ్బా తెరిచేది ఎవరు, ఏ వేళప్పుడు అన్నదే అసలు చిక్కు. కొడుకూ కోడలూ గుంటూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాల్లో ఉంటారు. మనవడు నాయనమ్మ దగ్గర ఉంటాడు. రాత్రి పన్నెండింటికి పిల్లాడికి ఒళ్ళు కాలిపోతుంటుంది. ఆవిడ సీసా చేతిలోకి తీసుకుని దీపం దగ్గర పెట్టి తిప్పి చూస్తుంది. సీసా మీద తెలుగు ముక్క ఒక్కటీ ఉండదు. ఉన్న ఇంగ్లీషు కళ్ళజోడు పెట్టుకున్న నాకే కనిపించదు. ఆ పేజీలో దీని గురించి ఒక్క మాట రాయలేదు.

నేను పల్నాడులో ప్రభుత్వ ఆసుపత్రి మందుల కౌంటర్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి ‘అమ్మా, తెల్లబిళ్ళ పొద్దునా, పసుపుబిళ్ళ రాత్రా?’ అని అడిగేవాళ్ళతోనే నా సర్వీసంతా గడిచింది. చదువు రానివాళ్ళకి మందు గుర్తు రంగే. సరఫరా చేసే కంపెనీ మారితే రంగు మారుతుంది. అప్పుడు బీపీ బిళ్ళని షుగరు బిళ్ళ అనుకుంటారు, షుగరు బిళ్ళని కాల్షియం అనుకుంటారు. వాళ్ళని తెలివితక్కువవాళ్ళు అనడానికి లేదు. చదవడానికి వీలుగా మనం ఏమీ రాయనప్పుడు వాళ్ళు మాత్రం ఏ గుర్తు పెట్టుకుంటారు?

ముందు మీ జాబితా నుంచి ఒక మందు తీసేయాలి. అజిత్రోమైసిన్. అది యాంటీబయాటిక్. ఇంట్లో ఉంచుకునే మందు కాదు. జలుబు, గొంతునొప్పి చాలావరకు వైరస్‌తో వస్తాయి, వాటి మీద అది పనిచేయదు. ఇంట్లో ఉంటే మాత్రం చెయ్యి దాని మీదికే పోతుంది. మూడు రోజులు వాడాల్సింది ఒకటి మింగి, జ్వరం తగ్గిందని మిగతావి దాచి, ఆర్నెల్ల తర్వాత ఇంకొకరికి ఇస్తారు. యాంటీబయాటిక్ షీటు వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి. డాక్టరు రాయందే వాడొద్దని దాని అర్థం. ఆ గీత గురించి కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారం కూడా చేసింది. అయినా ఎంతమందికి తెలుసు? ఎర్ర గీత ఉన్నది ఖరీదైన మందని, గట్టిగా పనిచేస్తుందని అనుకునేవాళ్ళు నాకు తెలుసు.

ఇక చట్టం సంగతి. చీటీ లేకుండా అమ్మదగిన మందులు ఇవీ అని మన దేశంలో విడిగా ఒక జాబితా లేదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అనే జాబితాలు ఉన్నాయి. వాటిలో ఉన్నవాటికి డాక్టరు చీటీ కావాలి. వాటిలో లేనివి చీటీ లేకుండా అమ్ముడుపోతాయి, అంతే. అవే రూల్స్‌లో షెడ్యూల్ కె అని ఇంకొకటుంది. వెయ్యి మందికి మించని జనాభా ఉన్న ఊళ్ళో, లైసెన్సు లేని కొట్టువాడు కూడా కొన్ని ఇంటి మందులు అమ్ముకోవచ్చని దాని 13వ అంశం. పారాసిటమాల్ బిళ్ళలు, ఆస్పిరిన్, నొప్పుల బామ్‌లు, కడుపులో మంటకి యాంటాసిడ్లు, గ్రైప్ వాటర్, దూది, బ్యాండేజి, ఆముదం, నీలగిరి తైలం లాంటివి అందులో ఉన్నాయి. కంపెనీ ప్యాకింగు విప్పకుండా అమ్మాలన్నది ఒక షరతు.

మంచిదే. వెయ్యి మంది కూడా లేని ఊళ్ళో అర్ధరాత్రి జ్వరం బిళ్ళ దొరకాలి కదా. కానీ ఒకసారి ఆలోచించండి. డాక్టరు లేడు, ఫార్మసిస్టు లేడు, ఉప్పూ పప్పూ అమ్మే కొట్టాయన ఉన్నాడు. ఈ మందు ఎంత వేసుకోవాలో చెప్పేది ఇక ఆ అట్టపెట్టె ఒక్కటే. ఆ అట్టపెట్టె ఇంగ్లీషులో మాట్లాడుతుంది.

మా ప్రాంతం పత్తికి, మిరపకి పేరు. ప్రతి ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటుంది. 1971 ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం ఆ డబ్బాతో ఇచ్చే కాగితం ఇంగ్లీషు, హిందీతో పాటు అమ్మే ప్రాంతం భాషలో కూడా ఉండాలి. ఎంత కలపాలి, ఎంత ఎడం పెట్టాలి, పొరపాటున ఒంటి మీద పడితే ఏం చేయాలి, అన్నీ తెలుగులో ఉంటాయి. డబ్బా మీద విషం తీవ్రత చెప్పే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. చదువు లేని రైతు కూడా ఎర్ర గుర్తు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. మిరపచేను మీద కొట్టే మందుకి దక్కిన తెలుగు, ఏడాది బిడ్డ నోట్లో పోసే మందుకి దక్కలేదు. నా ఫిర్యాదంతా ఇదే.

దీనివల్ల ఏం జరుగుతుందో పిల్లల పారాసిటమాల్ తీసుకుని చెప్తాను. అన్ని ఇళ్ళల్లో ఉండేది అదే, ఎక్కువ గందరగోళం కూడా అక్కడే. ఇది మూడు రకాలుగా దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉండే సిరప్ ఒకటి. అదే 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ రెండోది. పసిపిల్లల డ్రాప్స్ మూడోది, దాంట్లో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. పిల్లల మోతాదు వయసుని బట్టి కాకుండా బరువుని బట్టి లెక్క కట్టాలి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకి ఎక్కువలో ఎక్కువ 150. అంటే 125 సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 సిరప్ అయితే 3, డ్రాప్స్ అయితే ఒకటిన్నర.

ఇప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి. పోయినసారి డాక్టరుగారు ఆరు మిల్లీలీటర్లు పోయమన్నారని తల్లికి గుర్తు. ఈసారి షాపులో 250 సీసా ఇచ్చారు. కంపెనీ అదే, పేరు అదే, సీసా రంగూ దాదాపు అదే. ఆరు పోస్తే రెట్టింపు పడింది. డ్రాప్స్‌తో ఇంకా ప్రమాదం. చుక్కల మందు కదా, పలచగా ఉంటుంది, పసివాళ్ళది కదా, కాస్త ఎక్కువైనా ఏం కాదు అనుకుంటారు. నిజానికి మూడింట్లో చిక్కటిది అదే. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు పోశారంటే 500 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. పెద్దవాళ్ళు మింగే బిళ్ళ అంత. నాలుగు గంటలు తిరక్కుండానే ఇంకోసారి, ఇంకోసారి పోస్తే కాలేయం దెబ్బ తింటుంది. ఆ దెబ్బ మొదటి రోజు పైకి కనిపించదు కూడా. బిడ్డ బాగానే ఉన్నట్టుంటాడు.

చెంచా అన్నాను కదా, మన ఇళ్ళల్లో చెంచాలు ఏవీ ఒక కొలతలో ఉండవు. సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూతకొలత పారేయొద్దు. ఇంకా మంచిది, మెడికల్ షాపులో సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి అడిగి తీసుకోండి. నాలుగైదు రూపాయల్లో పోతుంది. సీసా కొన్న రోజే, ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరున్నా, బిడ్డ బరువు చూసి ‘బాబుకి ఇంత’ అని తెల్ల ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో రాసి సీసాకి అంటించండి. మళ్ళీ రెండు మూడు కిలోలు పెరిగాక మార్చండి. రోజుకి నాలుగుసార్లు మించి వద్దు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పెద్దవాళ్ళకీ ఇదే మందుతో వేరే రకం చిక్కు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. 650 బిళ్ళలు ఆరు వేసుకుంటే 3.9 గ్రాములు. ఎవరు ఆరు మింగుతారు అంటారేమో. బిళ్ళగా మింగరు, రకరకాల పేర్లతో మింగుతారు. జ్వరానికి 650 నాలుగుసార్లు, అది 2,600. ముక్కు కారుతోందని జలుబు బిళ్ళ నాలుగుసార్లు. కొన్నిటిలో 500 పారాసిటమాల్ ఉంటుంది, అది 2,000. అక్కడికే 4,600 అయింది. ఒళ్ళు నొప్పులకి వేసుకునే బిళ్ళలోనూ మళ్ళీ పారాసిటమాల్ 325 కలిసి ఉంటుంది. రోజూ మద్యం తాగే మనిషి, బరువు బాగా తక్కువున్న ముసలామె, కామెర్లు వచ్చినవాళ్ళు అయితే ఆ 4 గ్రాములు కూడా ఎక్కువే.

దీనికి తోడు అమెరికా సీసాలు. మా ఊళ్ళో సగం ఇళ్ళకి అక్కడ పిల్లలున్నారు. వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో వందేసి బిళ్ళల డబ్బాలు దించుతారు. టైలెనాల్ మీద ఎసిటమినోఫెన్ అని ఉంటుంది, అది మన పారాసిటమాలే. ‘పీఎం’ అని పక్కన ఉన్నదాంట్లో నిద్ర వచ్చే డైఫెన్‌హైడ్రమిన్ కూడా ఉంటుంది. అది వేసుకున్న పెద్దాయన రాత్రి బాత్రూముకి లేచి తూలి పడితే, షుగరు తగ్గిందనుకుని నోట్లో పంచదార పోశారట ఒక ఇంట్లో. ఎలీవ్‌లో ఉండేది నాప్రోక్సెన్ అనే నొప్పి మందు. బీపీ మందులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అడగకుండా వేసుకునేది కాదు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ డబ్బాల వెనక గీతలు గీసిన పెట్టెలో, ఇందులో ఏముంది, దేనికి, ఎవరు వాడకూడదు, ఎంత వాడాలి అని వరుసగా ఒకే పద్ధతిలో రాసి ఉంటుంది. 1999లో వాళ్ళ మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన నియమం అది. ఏ డబ్బా తిప్పినా అదే చోట అదే విషయం. మనకి చేతకాని పనేమీ కాదు.

దగ్గు సిరప్ గురించి మీ పేజీలో ‘పిల్లలకు ఒక సీసా ఉంచుకోండి’ అన్నారు. వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి కిడ్నీలు పాడయ్యాయి. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ సలహా ఇచ్చింది. రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా అవసరం లేదని. కల్తీ లేని సిరప్ అయినా పసిపిల్లల దగ్గుకి చేసే మేలు పెద్దగా లేదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళ లోపు వాడొద్దని లేబుల్ మీద రాయమని 2023 డిసెంబరులో డ్రగ్ కంట్రోలర్ చెప్పారు. రాశారు, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో. ఏడాది దాటిన బిడ్డకి పడుకునే ముందు చెంచాడు తేనె చాలు. ఏడాది లోపు తేనె కూడా వద్దు. బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నాడా, పాలు తాగడం మానేశాడా చూసుకుని ఆసుపత్రికి పోవాలి.

ఓఆర్ఎస్‌కి మీరు ఒక్క వాక్యం ఇచ్చారు. నన్నడిగితే పేజీలో సగం దానికే ఇవ్వాలి. డబ్బాలో ఒకే ఒక్క వస్తువు పెట్టుకోమంటే నేను అదే పెట్టుకుంటాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకుల శిబిరంలో కలరా వస్తే, పశ్చిమ బెంగాల్ బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి తాగించి వేలమందిని బతికించారు. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇప్పటి ప్యాకెట్‌లో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 ఉంటాయి. ఆ పాళ్ళే మందు. పాళ్ళు తప్పితే మందు కాదు.

అందుకే పెద్ద ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీళ్ళల్లో మొత్తం ఒకేసారి కలపాలి. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. గ్లాసు నీళ్ళల్లో పెద్ద ప్యాకెట్ అంతా గుమ్మరించి ‘త్వరగా తగ్గుతుందని’ తాగించేవాళ్ళున్నారు. ఒంట్లో ఉప్పు ఎక్కువై బిడ్డకి ఫిట్స్ వస్తాయి. సగం ప్యాకెట్ కలిపి మిగతాది మడిచి పెట్టేవాళ్ళూ ఉన్నారు. సగం ప్యాకెట్‌లో ఏ పొడి ఎంత పడిందో ఎవరికి తెలుసు? కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనాలవుతున్న పిల్లలకి దీంతో పాటు జింక్ బిళ్ళ 14 రోజులు ఇస్తారు. అది ఆశా కార్యకర్త దగ్గర అడగండి. తగ్గిపోయిందని నాలుగో రోజే ఆపొద్దు.

షాపులో టెట్రాప్యాకుల్లో చల్లగా దొరికే తీపి నీళ్ళని కూడా జనం ఓఆర్ఎస్ అనే కొన్నారు, పేరులో ఆ మూడక్షరాలు ఉన్నాయి గనక. వాటిలో పంచదార ఎన్నో రెట్లు ఎక్కువ. విరేచనాలప్పుడు అంత పంచదార పడితే నీళ్ళు ఇంకా పోతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఎనిమిదేళ్ళు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ పాళ్ళు లేని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అని రాయకూడదని ఆదేశించింది. ఒక్క మనిషి పట్టుబడితే ఒక లేబుల్ మారింది. నేను ఈ ఉత్తరం రాయడానికి ధైర్యం అక్కణ్ణించే వచ్చింది.

ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాలు తలగొట్టి పంచదార, అర చెంచా తలగొట్టి ఉప్పు. ఉప్పేసిన గంజి, మజ్జిగ కూడా మంచివే.

మిరపకోతల సీజన్లో మా దగ్గర ఎక్కువ నడిచేది వేరే సరుకు. దాన్ని ‘డోసు’ అంటారు. ‘ఒళ్ళు నొప్పులకి రెండు డోసులు కట్టివ్వండి’ అని అడుగుతారు. చిన్న కాగితం పొట్లంలో మూడు నాలుగు రంగుల విడి బిళ్ళలు. పేరుండదు, తేదీ ఉండదు. వాటిలో ఒకటి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు, ఒకటి గ్యాస్ బిళ్ళ, చాలాసార్లు ఒకటి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. నొప్పి మంత్రమేసినట్టు పోతుంది, మర్నాడు మళ్ళీ కావాలి. ఎండలో నీళ్ళు సరిగా తాగకుండా రోజంతా వంగి కాయ కోసే మనిషికి ఆ నొప్పి మందు రోజూ పడితే కిడ్నీల మీద పడుతుంది. స్టెరాయిడ్ షుగరు పెంచుతుంది. కూలిడబ్బులు పోగొట్టుకోలేక వేసుకుంటారు, వాళ్ళని తిట్టి లాభం లేదు. కానీ ఆ పొట్లాలు మిగిలితే ఇంటి మందుల డబ్బాలో చేరతాయి, అది మాత్రం వద్దు. పేరు తెలియని బిళ్ళ ఇంట్లో ఉండకూడదు. ఇంకొకటి, వానాకాలం జ్వరాల్లో డెంగీ ఏదో, మామూలుది ఏదో మొదట్లో తెలియదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేస్తే రక్తస్రావం ప్రమాదం. అప్పుడు పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్ పదహారేళ్ళ లోపు పిల్లలకి జ్వరానికి అసలే వద్దు.

షీటు కత్తిరింపు దగ్గరికి వస్తాను. ఇది మా వృత్తివాళ్ళ వైపు తప్పు. గడువు తేదీ షీటుకి ఒక చివరే అచ్చవుతుంది. నాలుగు బిళ్ళలు చాలంటే షాపులో కత్తెరతో రెండో వైపు నుంచి కత్తిరించి ఇస్తారు. ఇంటికొచ్చేది తేదీ లేని ముక్క. కొన్నిటి మీద పేరు కూడా సగమే. మీ డబ్బా ఇప్పుడే తెరిచి చూడండి, ఇలాంటి తోకలేని ముక్కలు ఎన్ని ఉన్నాయో. ఏ మందో, ఎప్పటిదో తెలియని ముక్కని పారేయాలి. పారేయబుద్ధి కాదు, డబ్బులు పెట్టి కొన్నాం కదా. పది బిళ్ళలు కొనలేని మనిషికి నాలుగు ఇవ్వాల్సిందే, కాదనను. కవరు మీద పేరు, తేదీ రాసివ్వడానికి అర నిమిషం పట్టదు. కంపెనీలు ప్రతి బిళ్ళ వెనకా పేరూ తేదీ అచ్చు వేస్తే ఆ అవసరమే ఉండదు. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. మందు అసలుదో కాదో అది చెప్తుంది, సంతోషం. బటన్ ఫోను పట్టుకున్న నాయనమ్మకి దాంతో ఏం పని?

తేదీ దగ్గర ఇంకో చిన్న మాట. నెల మాత్రమే రాసి ఉంటే ఆ నెల ఆఖరి రోజు దాకా వాడొచ్చు. కంటి చుక్కలకి ఆ లెక్క లేదు. మూత తీసిన నెల రోజులకి పారేయాలి, సీసా మీద ఏ సంవత్సరం ఉన్నా సరే.

డబ్బా ఎక్కడ పెట్టాలి? చల్లగా, పొడిగా ఉన్న చోట అని మీరు రాశారు. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్ళకి అది నవ్వొచ్చే మాట. చాలా మందుల మీద 30 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. మేలో రేకుల ఇంట్లో అర్ధరాత్రి కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఉన్నంతలో చూసుకోవాలి. ఫ్రిజ్ పైన, టీవీ పైన, పొయ్యి పక్క గూట్లో వద్దు, అక్కడ వేడి తగులుతుంది. పడమటి గోడకి ఆనుకున్న అల్మారా వద్దు. నేల దగ్గరి అర చల్లగా ఉంటుంది కానీ పిల్లలు అందుకుంటారు, కాబట్టి తాళం ఉన్న పెట్టె కావాలి. బీరువాలో చీరల మధ్య పెట్టేవాళ్ళకి ఒక మనవి. అక్కడ కలరా ఉండలు ఉంటాయి. పిల్లలు వాటిని పిప్పరమెంట్లు అనుకుని నోట్లో వేసుకుంటారు. మందులూ అవీ ఒకచోట ఉండడం నేను కళ్ళారా చూశాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, మీ జాబితాలో దాదాపు ఉన్నవే. దూది, గాజుగుడ్డ, ప్లాస్టర్, పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్, డిజిటల్ థర్మామీటరు, కడుపులో మంటకి యాంటాసిడ్, దురదలకి సెటిరిజిన్. అది వేసుకుని బండి నడపొద్దు. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి, టూత్‌పేస్టు, సిరా పూయొద్దు. కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి టీకాకి పరుగెత్తాలి. కారం, సున్నం పెట్టొద్దు. ఛాతీ నొప్పి వస్తే డబ్బాలో వెతుకుతూ కూర్చోకుండా ముందు 108కి ఫోను చేయాలి. ఏ బిళ్ళ నమలాలో వాళ్ళే చెప్తారు.

అమృతాంజనం మన ఇళ్ళల్లో ఎటూ ఉంటుంది. 1893లో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ సంపాదనతోనే ఆంధ్రపత్రిక నడిపారు. తలనొప్పి మందు డబ్బులతో తెలుగు పత్రిక నడిచిన చరిత్ర మనది. మందుకి తెలుగు కావాలని పత్రిక అడిగితే తప్పేముంది? బామ్ మాత్రం ఏదైనా సరే, రెండేళ్ళ లోపు పిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద రాయకండి. కర్పూరం వాళ్ళకి పడదు.

నేను అడిగేది రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రానికి రాయదగినంత చిన్న కోరిక. చీటీ లేకుండా అమ్మే మందుల వరకైనా, మందు పేరు, ఎంత బలం, పిల్లల బరువుకి ఎంత, ఎవరికి వద్దు అన్న నాలుగు సంగతులు అమ్మే రాష్ట్రం భాషలో ఉండాలి. పారాసిటమాల్ కలిసిన ప్రతిదాని మీదా ‘ఇందులో పారాసిటమాల్ ఉంది’ అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. ప్రతి బిళ్ళ వెనకా తేదీ ఉండాలి.

ప్రభుత్వాలు కదిలేలోపు మీ చేతిలో పని ఒకటుంది. అజిత్రోమైసిన్, పిల్లల దగ్గు సిరప్ కొనమన్న మాట తప్పని వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్దగా వేయండి. మూలన చిన్న సవరణ వేస్తే చింపుకెళ్ళినవాళ్ళ కంట పడదు. దాని పక్కనే ఐదు కిలోల నుంచి ఇరవై కిలోల దాకా బిడ్డ బరువు, మూడు రకాల పారాసిటమాల్ సీసాలు, దేంట్లో ఎన్ని మిల్లీలీటర్లు అని ఒక పట్టిక వేయండి. పిల్లల డాక్టరుకి చూపించి, కత్తిరించి తలుపుకి అంటించుకునేంత పెద్ద అక్షరాల్లో. లెక్క కట్టి పెట్టే పని కావాలంటే నేను చేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా